టీలో మాత్ర, పులుసులో బెల్లం

నాకు షుగర్ ఉందని తేలిన మర్నాడే పోర్టు గేటు దగ్గర టీకొట్టులో అందరికీ తెలిసిపోయింది. నేను చెప్పింది ఒక్కడికే, నాతో షిఫ్టు మార్చుకునే వాడికి. వాడు నాకంటే ముందొచ్చి కూర్చుని, నన్ను చూడగానే కొట్టువాడికి వినపడేలా అరిచాడు.

"మా బావకి పంచదార ఎయ్యకు! సుగరొచ్చింది."

బెంచీ మీదున్న ఏడెనిమిది మందీ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. దొంగతనం చేసి దొరికినవాణ్ణి కూడా అలా చూడరు.

నేను హార్బర్‌లో క్రేన్ ఆపరేటర్ని. పద్దెనిమిదేళ్లుగా పైన కేబిన్‌లో కూర్చుని ఓడలోంచి బొగ్గు తీసి ఒడ్డున పోస్తున్నాను. ఏడాదికోసారి మాకు మెడికల్ చేస్తారు. ఈసారి మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో షుగర్ బాగా ఎక్కువ వచ్చింది. పైన నాకు కళ్లు తిరిగితే కింద ఎవరి ప్రాణం పోతుందో తెలీదు. డాక్టరు గారు బిళ్లలు రాసిచ్చి, మొహమాటం లేకుండా చెప్పేశారు.

"మూడు నెలలు టైమిస్తున్నాను. తగ్గకపోతే మిమ్మల్ని క్రేన్ ఎక్కనివ్వను."

ఎక్కనివ్వకపోతే కింద నిలబడి, నా సీట్లో కూర్చున్న ఇంకెవడికో చేత్తో సైగలు చేసుకుంటూ బతకాలి. ఆ మాటే గుండెలో పెట్టుకుని బయటికొస్తుంటే నర్సమ్మ ఒక కాగితం చేతికిచ్చింది, ఏం తినాలో ఏం తినకూడదో రాసినది. బస్సులో ఒకసారి చదివి, మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఇక మొదలయ్యాయి సలహాలు. కాకరకాయ రసం తాగమని ఒకడు, మెంతులు నానబెట్టి తినమని ఒకడు, నేరేడు గింజల పొడి అని ఇంకొకడు. అడిగానా నేను? పంచదార మానేసి, మద్దిలపాలెంలో మందుల షాపుకెళ్లి టీలో వేసుకునే తీపి మాత్రలు కొనుక్కున్నాను. చిన్న తెల్ల డబ్బా. పైన నొక్కితే టిక్కుమని ఒక మాత్ర గ్లాసులో పడుతుంది. దాని మీదా గొడవే.

"బావా, అయ్యన్నీ కెమికల్సు. కేన్సరొత్తాది. నా ఫోన్లో వీడియో ఉంది, పంపుతానుండు" అన్నాడు ఒకడు. ఆ మాట అంటున్నంతసేపూ వాడి అరచేతిలో ఖైనీ నలుగుతూనే ఉంది.

"ముందా సెయ్యి కడుక్కునొచ్చి అప్పుడు సెప్పు" అన్నాను.

పెళ్లి భోజనాల్లో మరీ అన్యాయం. మా పెద్దమ్మ వరస ఒకావిడ విస్తట్లో లడ్డూ వేయించి, "ఒక్కటి తింటే ఏటైపోద్ది, తిను నాన్నా" అంది. పోనీలే, పెద్దావిడ కదా అని తుంచి నోట్లో పెట్టుకున్నానో లేదో, "అయ్యో, నీకు సుగర్ కదేటి! తినేత్తన్నావేటి?" అని పంక్తి మొత్తానికి వినపడేలా కేకేసింది. తినమన్నదీ ఆ నోరే, తిట్టిందీ ఆ నోరే! పంచదార లేని మిఠాయి అని బోర్డు కట్టి, మైదా, నెయ్యి, కోవా దట్టించి అమ్మేవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. మావాళ్లు అదేదో మందనుకుని పావుకిలో లాగించేస్తారు.

ఇంట్లో మాత్రం నాకే పోరూ లేదు. మాది మల్కాపురంలో రెండు గదుల ఇల్లు. నా భార్య మా మేనమామ కూతురే. అనకాపల్లి దగ్గర పల్లె వాళ్లది, చెరుకు రైతులు. నేను ఎనిమిదితో బడి మానేస్తే తను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. నా సంగతి తెలిసిన రోజే పంచదార డబ్బా ఎదురింటికి ఇచ్చేసింది. తనూ చప్పటి టీయే తాగడం మొదలుపెట్టింది.

బెల్లం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏటా చెరుకు గానుగాడగానే మా బావమరిది బెల్లం దిమ్మ భుజాన వేసుకుని దిగుతాడు. మా వైపు ఆనపకాయ పులుసైనా, గుమ్మడికాయ పులుసైనా బెల్లం పడందే పొయ్యి దిగదు. ఆవకాయలోనూ బెల్లమే. దాన్ని తీపి అని ఎవరూ అనరు. తీపంటే టీ, తీపంటే లడ్డూ. పులుసులో పడేది వంట కిందే లెక్క. ఆ పులుసు అన్నం నిండా పోసుకుని, మారు అన్నం పెట్టించుకుని, ఆనక టీలో దర్జాగా మాత్ర నొక్కుకునేవాణ్ణి.

"మా అన్నయ్య పొలంలో బెల్లం బావా, మందులేటీ కలపలేదు. ఇదేటీ సెయ్యదు" అనేది తను, గరిటెతో ఇంకాస్త వేస్తూ. నేను ఊఁ కొట్టేవాణ్ణి.

మూడు నెలలయ్యాక పరీక్ష చేస్తే తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. అప్పుడు చూడాలి నా కోపం! నా భార్యను వెంటబెట్టుకుని డాక్టరు గారి గదిలోకి వెళ్లి, ఆ మాత్రల డబ్బా టేబులు మీద ఠపీమని పెట్టాను. ఇదంతా మోసమని, జనాన్ని దోచుకుంటున్నారని అరిచాను.

ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూశారు. "దీని తప్పేం లేదయ్యా. ఇది టీలో పంచదార బదులు, అంతే. మీ కంచంలో ఏముందో దీనికేం తెలుసు?" అని నా భార్య వైపు తిరిగారు. "ఏం వండుతున్నారమ్మా?"

"పులుసులండి. స్వీట్లయితే ఇంటికే రానియ్యట్లేదండి" అంది తను ధీమాగా.

"పులుసులో బెల్లం వేస్తారా?"

"ఎయ్యకపోతే అది పులుసేటండి?"

"ఎంత?"

తను పిడికిలి మూసి చూపించింది. డాక్టరు గారు పెన్ను కింద పెట్టేశారు. "ఏమీ చదువుకోలేదా అమ్మా నువ్వు? బెల్లం కూడా చక్కెరే కదా! నీ చేత్తోనే పెంచి పోషించావు ఆయన రోగాన్ని" అన్నారు. తను తల వంచుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయింది. నేను డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి నన్ను కింద నిలబెట్టారు. తలెత్తి నా కేబిన్ వైపు చూస్తూ, వేరేవాడికి చేతులూపాను. రెండు చెంచాల పంచదార కోసం నలుగురిలో నా పరువు తీసినవాళ్లు ఒక్కరైనా నా క్యారేజీ మూత తీసి చూశారా? ఎలా చూస్తారు, వాళ్ల క్యారేజీల్లోనూ అదే పులుసాయె!

సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా భార్య బెల్లం దిమ్మను గుడ్డలో మూటగట్టి గుమ్మం దగ్గర పెట్టింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"నా సేత్తోనే నీకు ఇసం ఎట్టీసాను బావా. నీ ఉజ్జోగం నానే తీసీసాను. ఇంకెప్పుడూ పంపొద్దని అన్నయ్యకి సెప్పీసాను."

అన్నాళ్లూ ఊరందరి మీదా పడ్డ నా కోపానికి ఇక పడటానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. పర్సులోంచి ఆ కాగితం తీసి తన చేతిలో పెట్టాను. మడతల దగ్గర చిరుగుపట్టింది. తను లైటు కిందికి వెళ్లి వేలు పెట్టి చదివింది. రెండో వరసలోనే ఉంది: పంచదార, బెల్లం, తేనె, మూడూ మానాలి.

"ఇదెప్పుడిచ్చారు?"

"మొదటి రోజే."

"సదివినావా?"

"సదివాను."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"పులుసులో బెల్లం మానేత్తావని."

తన ఏడుపు టక్కున ఆగిపోయింది. కాగితం మడిచి నాకు తిరిగిచ్చింది.

"డాక్టరు నన్ను అన్నేసి మాటలంటంటే, పక్కన బెల్లం కొట్టిన రాయిలా కూకున్నావు కదా బావా!"

నేను కాగితాన్ని మళ్లీ పర్సులో పెట్టుకున్నాను.

పులుసు ఇప్పుడు పుల్లగా ఉంటోంది. అన్నం సగానికి తగ్గింది. తనూ అదే తింటోంది. వచ్చే వారం మళ్లీ పరీక్ష. క్రేన్ ఎక్కుతానో, కిందే ఉండిపోతానో ఆ రోజు తేలిపోతుంది. తోడు రమ్మని అడిగాను. నా వైపు చూడకుండా కూర తరుగుతూనే చెప్పింది.

"నాను రాను. నువ్వే ఎల్లి సెప్పు ఆ డాక్టరుకి, నాను సదూకున్నదాన్నేనని."