సత్తెమ్మకు పాలు పడిన రోజు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, గోపన్‌పల్లిలో గొర్రెలు కాసుకునే ఒక ఇంట్లో ఇద్దరు కోడళ్లు ఒకే వారంలో ప్రసవించారు. పెద్దకోడలు చంద్రమ్మకు ఆడపిల్ల, మూడో కాన్పు. చిన్నకోడలు సత్తెమ్మకు తొలిచూలు, మగపిల్లవాడు. ఉన్నది ఒకటే గది. ఇద్దరు బాలింతలు ఒకరి ముఖం ఒకరు చూస్తే ఒకరి పాలు ఇంకొకరికి పోతాయని ఆ ఊళ్లో నమ్మకం. అత్త పోచమ్మ గది మధ్యలో తాడు కట్టి గొంగడి వేలాడదీసింది.

పుట్టిన గొర్రెపిల్ల ముర్రుపాలు తాగకపోతే నిలబడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మనిషికి మాత్రం అవి చెడ్డవని పోచమ్మ ఇద్దరి చేతా పిండించి పారబోయించింది. చంద్రమ్మకు అలవాటైన ఒళ్లు, తొందరగానే పాలు పడ్డాయి. సత్తెమ్మకు ఆలస్యమైంది. ఈలోగా పిల్లవాడికి మేకపాలలో నీళ్లు కలిపి గుడ్డవత్తితో పట్టారు. వాడు వత్తికి అలవాటుపడి రొమ్ము పట్టడం మానేశాడు. పట్టకపోయేసరికి పాలు రాలేదు. రాలేదని మళ్లీ మేకపాలే. విరేచనాలు మొదలయ్యాయి. సత్తెమ్మ భర్త వీరేశం శేరిలింగంపల్లి పోయి తాయెత్తు తెచ్చి కట్టాడు.

పిల్లవాణ్ణి తనకిమ్మని చంద్రమ్మ అత్తను అడిగింది.

"తల్లి సచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రెకు మరిపి పాలు తాపుతలేమా, అత్తా?"

"గొర్రెకు దిష్టి తగుల్తదా? నీ ముచ్చట్లు మంద కాడ జెప్పు," అంది పోచమ్మ.

పోచమ్మ నీళ్లకు పోయినప్పుడు చంద్రమ్మ గొంగడి కిందినుంచి చేతులు చాచింది.

"నీ ముఖం జూడ. కండ్లు మూసుకుంట. పిలగాన్ని ఇటియ్యి, చెల్లె."

పాలన్నీ అటే పోతున్నాయని అత్త పొద్దస్తమానం సత్తెమ్మ చెవిలో పోస్తూనే ఉంది.

"పాలు గుంజుకున్నవు. ఇగ పిలగాన్ని గూడ గుంజుకుంటవా, అక్కా?"

ఆ చేతులు కాసేపు అక్కడే ఉండి వెనక్కి పోయాయి.

తర్వాత పిల్లవాడి ఏడుపు సన్నబడింది. అప్పుడు సత్తెమ్మే, అత్తకు చెప్పకుండా, పిల్లవాణ్ణి గొంగడి కిందినుంచి అటు జరిపింది. చంద్రమ్మ రొమ్ము నోటికిచ్చింది. పీల్చే ఓపిక వాడికి లేదు. చుక్క చుక్క పిండితే పెదవుల మీదుగా కారిపోయింది. పొద్దుగూకేలోపు ప్రాణం పోయింది.

పాతిపెట్టి వచ్చాక పోచమ్మ గొంగడి తీసేసింది. పాలిచ్చే బాలింత ఇక ఒక్కతే కదా. చంద్రమ్మ కూతురు ఆకలికి ఏడ్చింది. ఆ ఏడుపుకు సత్తెమ్మ రవిక ముందుభాగం తడిసిపోయింది.

"నీకు పాలున్నయి గదనే," అంది పోచమ్మ మెల్లగా.

చంద్రమ్మ తన కూతుర్ని తెచ్చి సత్తెమ్మ ఒళ్లో పెట్టింది. పిల్ల గుటకలు వేస్తూ తాగింది. సత్తెమ్మ గోడవైపు చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, బతికారు. మదీనాగూడ దాకా ఎవరు ప్రసవించినా సత్తెమ్మ పిలవకుండానే పోయేది. ముర్రుపాలు పారబోయవద్దని చెప్పి, బిడ్డ రొమ్ము పట్టేదాకా తల్లి పక్కన కూర్చునేది. విన్నవాళ్లు కొందరే. ఒక ఇంట్లో ముసలామె అన్నదట:

"నీ కొడుకునే బతికించుకోలే. మాకు జెప్తవా?"

"అందుకే జెప్తున్న," అని సత్తెమ్మ అక్కడే కూర్చున్నదట.