పరాయి వంటింట్లో పిడికెడు బియ్యం

రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. ఒక్కరికి వండితే ఎక్కువ, ఇద్దరికి వండితే తక్కువ. పైగా దాని మీద గీతలొకటి, మనుషుల ఆకళ్ళన్నీ కంపెనీవాళ్ళు ముందే చూసి వచ్చినట్టు. గుడివాడలో మా వంటింట్లో ఆ కప్పు కనబడినప్పుడల్లా నేను ఏదో ఒకటి అంటాను. మా కోడలు వినపడనట్టు కుక్కర్ మూత పెట్టేస్తుంది. మా ఇద్దరికీ ఆ పద్ధతి బాగానే కుదిరింది.

నా చిన్నప్పుడు, బంటుమిల్లి దగ్గర మా ఊళ్ళో, మా నాయనమ్మ బియ్యం సోలతో కొలిచేది. కొలిచాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. పొద్దున, సాయంత్రం, ఇంట్లో బియ్యం ఉన్నా, నిండుకోబోతున్నా అంతే. సువార్త పనికి తీసేది కాబట్టి దాన్ని మిషను కుండ అనేవాళ్ళం. మా చర్చి సంఘంలో ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటుండేది. నెలాఖరు ఆదివారం ఆడవాళ్ళంతా ఆ బియ్యం చర్చికి తెచ్చి ఒకే గోనెలో పోసేవాళ్ళు. సన్నవి, లావువి, కొత్తవి, పాతవి అన్నీ కలిసిపోయేవి. సంఘంలో అంత ఐక్యత మరెక్కడా కనిపించేది కాదు.

ఆ బియ్యం బైబిలమ్మగారికి వెళ్ళేది. ఊరూరా తిరిగి, ఆడవాళ్ళ దగ్గర కూర్చుని సువార్త చెప్పడానికి సంఘం పెట్టుకున్న మనిషి ఆవిడ. సగం మెత్తబడి సగం పలుకుగా ఉండే ఆ అన్నం తిని, గొడుగేసుకుని, చేలగట్ల మీద నడిచి పల్లెలకి వెళ్ళొచ్చేవారు. మా బియ్యం గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. సేవ అంటే ఇదేనేమో అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మా నాయనమ్మ లెక్క మాత్రం తేలిక. బియ్యం తియ్యడం తన పని, వాక్యం చెప్పడం బైబిలమ్మగారి పని. ప్రార్థన కూటంలో తన వంతు వస్తే అందరికీ కంఠతా వచ్చిన పరలోక ప్రార్థన చెప్పేసి గబుక్కున కూర్చునేది. మా వీధిలో ఎవరితోనైనా గంటలకొద్దీ మాట్లాడగలిగిన మనిషికి, ప్రభువు సంగతి వచ్చేసరికి గొంతులో వెలక్కాయ అడ్డం పడేది.

ఒక వానాకాలం బైబిలమ్మగారు గట్టు మీద జారి పడ్డారు. కాలు గుమ్మడికాయంత వాచింది. మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని, పసుపు పట్టు వేద్దామని వెళ్ళింది. ఆవిడ కాలు సంగతి వదిలేసి వేరే సంగతి ఎత్తారు. కాలవ అవతల పాలెంలో ఒకావిడ ఉంది. వాళ్ళాయన వేటకి సముద్రం మీదకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఈవేళ వచ్చి కూర్చుంటానని తను మాటిచ్చారు.

"మీరు వెళ్ళి రండమ్మా" అన్నారు.

"నేనా? నాకేం మాటలొచ్చండీ! కావాలంటే రోజూ ఇంకో పిడికెడు ఎక్కువ తీస్తాను."

"పిడికెడు బియ్యం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోలేవు కదా. వస్తానన్న మనిషి రాకపోవడం ఆ ఇంట్లో ఒకసారి అయిందమ్మా. మళ్ళీ కాకూడదు."

మా నాయనమ్మ లేచింది. గుమ్మం దాటుతుంటే బైబిలమ్మగారు వెనకనించి, "చేతిలో ఏమీ పట్టుకెళ్ళొద్దు. మనిషిని కొనడానికి వచ్చామనుకుంటారు" అన్నారు. మా నాయనమ్మ ఖాళీ చేత్తో ఎవరింటికీ వెళ్ళి ఎరగదు కాబట్టి, ఆ చేత్తో నన్ను పట్టుకుంది.

పడవలో కూర్చున్నంతసేపూ ఒక వాక్యం వల్లిస్తూనే ఉంది. అవతలి గట్టుకి దిగేసరికి అది సగం కాలవలో పడిపోయింది.

ఆ పాలెం ఆవిడ గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళల్లో జ్వరం తెలుస్తోంది. ఇద్దరు చిన్న పిల్లలు పక్కనే. బైబిలమ్మగారు పంపారని చెప్పి మా నాయనమ్మ చాప మీద కూర్చుంది. తర్వాత ఏం మాట్లాడాలో తెలియలేదు. చాప అంచు చేత్తో సర్దింది, పిల్లల వైపు చూసింది. చివరికి, "పిల్లలు తిన్నారా తల్లీ?" అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మా నాయనమ్మ ముఖంలో వెలుగొచ్చింది. ఇది తనకి తెలిసిన పని.

ఆ ఇంటి డబ్బాలో బియ్యం అడుగున కాసిని ఉన్నాయి. వాటినే కొలిచి పళ్ళెంలో పోసింది. పోసిందో లేదో, చెయ్యి దానంతటదే అందులోంచి ఒక పిడికెడు తీసి, పక్కనున్న మూతలో వేసింది.

"అదేంటి పెద్దమ్మా? నా బియ్యం పక్కనెడతన్నావు?"

ఆ ఇంట్లో మేము విన్న మొదటి మాట అది. మా నాయనమ్మ పాముని చూసినట్టు తన చేతిని చూసుకుంది. ఆ బియ్యం గభాల్న మళ్ళీ పళ్ళెంలో పోసేసింది.

"అయ్యో, అలవాటు తల్లీ. మా ఇంట్లో పూటకో పిడికెడు తీస్తాను. చెయ్యి అదే అనుకుంది."

"ఎవరికి తీత్తావు?"

"బైబిలమ్మగారికి."

"ఎందుకు?"

"ఆవిడ మీ పాలెం రావడానికి."

ఆవిడ గుమ్మం దగ్గరనించి జరిగి పొయ్యి దగ్గరికొచ్చి కూర్చుంది. "నా దగ్గరికి రాడానికా? నేనెవరో నీకు తెలీదు కదా."

"తెలీదు. నువ్వెక్కడో ఉన్నావని మాత్రం తెలుసు."

అక్కడనించి మా నాయనమ్మ మాట్లాడింది. వల్లించిన వాక్యం కాదు. తన మొదటి బిడ్డ నెలలోపే పోయిన సంగతి చెప్పింది. తను కూడా ఇలాగే గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడు, బైబిలమ్మగారి కన్నా ముందు ఆ పనిలో ఉండే ఒక ముసలావిడ వచ్చి, తనతో పాటు ఏడ్చి, యేసు ప్రభువు గురించి చెప్పిందని చెప్పింది. ఆ బాధ పోలేదనీ, కానీ దాన్ని ఒక్కతే మొయ్యడం ఆరోజుతో ఆగిందనీ చెప్పింది. ఆ బిడ్డ గురించి మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. చెబుతూ చెబుతూ పొయ్యి సంగతి మర్చిపోయింది. అన్నం అడుగంటింది. మా నాయనమ్మ జీవితంలో మాడ్చిన అన్నం నాకు తెలిసి అదొక్కటే. పిల్లలు దాన్నే ఇష్టంగా తిన్నారు. వాళ్ళమ్మ కూడా రెండు ముద్దలు తింది. ప్రార్థన చెయ్యమని ఆవిడే అడిగింది.

బైబిలమ్మగారి కాలు బాగయ్యాక కూడా మా నాయనమ్మ పాలెం వెళ్ళడం మానలేదు. కుండలో పిడికెడు వెయ్యడమూ మానలేదు. ఒకటి చేస్తే రెండోది తప్పించుకోవచ్చన్న లెక్కొక్కటే మానేసింది.

ఇప్పుడు మిషను కానుక ఫోనులో పంపిస్తున్నాం. సౌకర్యమే. ఎవరో వెళ్ళాలంటే ఎవరో పంపాలి, పంపుతూనే ఉండాలి. కానీ పంపిన ప్రతిసారీ, ఆ సాయంత్రం మమ్మల్ని పడవ దాకా దిగబెట్టిన ఆ పాలెం ఆవిడ నా ముందుకొచ్చి నిలబడుతుంది. కోపంగా ఏమీ కాదు, మామూలుగానే ఆరోజు మా నాయనమ్మని అడిగింది:

"చేపలు కొనడానికి మీ ఊరోళ్ళు ఇన్నేళ్ళూ వత్తానే ఉన్నారు కదా పెద్దమ్మా. ఈ ప్రభువు మాట ఒక్కళ్ళూ చెప్పలేదేం?"