చూడకుండా గంట కొట్టను

ఆ వారం విదేశీ రేడియోలో ఒక వార్త విన్నాను. కిటికీలు మూసి, చెవి ఆనించి వినాల్సిన రోజులవి. శత్రువుల అణుక్షిపణుల్ని ముందే పసిగట్టే కంప్యూటర్ ఒకటి అమెరికాలో, లేని క్షిపణులు వచ్చేస్తున్నాయని చూపించిందట. లోపల ఏదో చిన్న భాగం చెడిపోయిందట. ఎవరో ఆగి, రాడార్లతో సరిచూసి, ఏమీ లేదని తేల్చారట. నా ఒళ్లో చంటిదాన్ని అదుముకున్నాను.

"అమెరికావోల్ల మిషను పాడైతే నీకేటే?" అంది అత్తగారు. "మన నీల్ల మోటారు పాడైంది, దానికేడు."

నాకు నవ్వు రాలేదు. బర్మాలో మేముండే ఈ లత పేటలో మా వీధి ఏర్పాటూ అలాంటిదే. ప్రతి మేడ మెట్ల దగ్గరా ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుంది. నిప్పంటుకుంటే అదే గంట. పక్క సందులో మోగితే మనమూ మోగించాలి, ఎందుకని అడగకూడదు. కిందటిసారి మోగింది ఉత్తుత్తి గంట. ఇరుకు మెట్ల మీద జనం తోసుకుంటే నా చంకలోంచి జారిపడి బిడ్డ భుజం ఎముక విరిగింది. కట్టు ఈమధ్యే విప్పారు. ఇప్పుడు గంట కొట్టే వంతు మాది, సుత్తి మా ఇంట్లో ఉంది.

పొద్దు వాలుతుండగా పక్క సందులో గంట మోగింది. బాల్కనీలోకి పరుగెత్తాను. పొగ లేదు, వాసన లేదు. బిడ్డనీ సుత్తినీ తీసుకుని దిగాను. మా వరస ఇళ్ల మీద సర్కారు పెట్టిన పెద్దమనిషి, బర్మా ఆయన, గంట దగ్గరే నిలబడి ఉన్నాడు.

"కొట్టు, తమీ!" అన్నాడు, కూతుర్ని పిలిచినట్టు.

"పొగేదీ, ఊలే?" ఆయన్ని అందరం బాబాయి అన్నట్టు అలాగే పిలుస్తాం.

"పొగ చూడ్డం నీ పని కాదు. కొట్టడం నీ పని."

"చూడకుండా కొట్టను."

"అయితే సుత్తి ఇటివ్వు."

ఇవ్వలేదు. బిడ్డని చంకనేసుకుని పక్క సందుకి బయల్దేరాను. భయం లేక కాదు. అన్నీ చెక్క మెట్ల మేడలే. నిజంగా అంటుకుని ఉంటే నా ఆలస్యం ఎవర్ని కాలుస్తుందో నాకు తెలుసు. అందుకే పరుగెత్తాను.

అక్కడ నిప్పు లేదు. ఒక ఇంట్లో పిల్లాడికి జ్వరం తగ్గడం లేదని ఇంటిల్లిపాదీ పళ్లేలు, రేకు డబ్బాలు వాయిస్తున్నారు. దుష్టశక్తులు పారిపోవాలని ఇక్కడివాళ్లు అలా చేస్తారు. ఆ మోత విని, సందు చివరి కాపలావాడు తల తిప్పి చూడకుండానే గంట అందుకున్నాడు.

తిరిగొచ్చేసరికి ఊలే ముఖం ఎర్రబడి ఉంది.

"పైకి రాసి పంపుతాను. మీ ఆయనది తన్లిన్ రిఫైనరీలో సర్కారు ఉద్యోగం, మరిచిపోకు."

"రాయండి. కొట్టే ముందు వెళ్లి చూసిందని కూడా రాయండి."

బాల్కనీలోంచి అత్తగారు రెండు భాషలూ కలిపి అరిచింది: "దేవుడు కల్లెందుకిచ్చాడు ఊలే, గంటకి ఏలాడదియ్యడానికా?"

మర్నాడు ఊలే సుత్తి పట్టుకుపోయి కింది అంతస్తు అమ్మాయికిచ్చాడు. రాసి పంపాడో లేదో ఇంకా తెలీదు. పంపనీ. యంత్రం మళ్లీ తప్పు చెప్తుంది, సందూ మళ్లీ తప్పు మోగుతుంది. నా బిడ్డ మెట్ల మీద ఉండగా, చూడకముందే చెయ్యెత్తమనే హక్కు ఎవరికీ లేదు.

ఇవాళ దీపాలు పెట్టే వేళ ఆ అమ్మాయి పైకొచ్చింది. "అక్కా, గంట మోగితే ఏం చెయ్యను?"

"ముందు నన్ను పిలు," అన్నాను. "ఇద్దరం వెళ్లి చూద్దాం."