లారీ సీటుకు చీర తొడుగు

తార్నాకలో బస్సెక్కిన ఒకావిడ నా పక్కన, సీటు అంచున ఒదిగి కూర్చుంది. ఒడిలో పాత నేతచీరతో కుట్టిన తొడుగేదో ఉంది. ఏమిటని అడిగాను.

"మా ఆయన లారీల లెదర్ సీట్లు ఏపిచ్చిండు బిడ్డా. చెమట తాకితె పగుల్తయని నన్ను ఎక్కనిస్తలేడు. గిది తొడిగితె సీటు ఖరాబ్ గాదు, నన్ను గూడ కూసోనిస్తడేమో."

"మరి ఆయనకు చెమట పట్టదా?" అన్నాను, అందరికీ వినపడేలా. క్యాంపస్‌కి వెళ్తున్న మా వాళ్లంతా పగలబడి నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ తొడుగును చిన్నగా మడిచి కొంగు కింద దాచుకుంది. ఆవిడ పక్షాన మాట్లాడాననే అప్పటికి నా ధీమా.

యూనివర్సిటీ గేటు దగ్గర ఆవిడ లేచింది. చిరిగి స్పాంజి బయటపడ్డ ఆ బస్సు సీటును, తాను కూర్చున్నంత మేర, కొంగుతో తుడిచి దిగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను తలెత్తలేదు.