నా ఫారంలో నేనే రాసుకున్న ‘లేదు’

తాండూరు దగ్గర ఒక పల్లెలో నేను ఆశా వర్కర్‌ని. ఆ రోజు నెల మీటింగు. మధ్యాహ్నం ఆశలమంతా పీహెచ్‌సీ వరండాలో టిఫిన్ డబ్బాలు విప్పుకున్నాం. ఎవరో వడ్డించిన పండుమిర్చి తొక్కు నోట్లో పెట్టుకోగానే ఎడమ బుగ్గ లోపల నిప్పు పెట్టినట్టు మండింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమైందని పక్కావిడ అడిగితే, కారం ఎక్కువైందని నవ్వేశాను. చిన్నప్పటి నుంచీ పచ్చిమిర్చి కొరుక్కు తినేదాన్ని. అది కారం కాదని నాకు అప్పుడే తెలుసు.

దేనివల్లో కూడా తెలుసు. నాకు మంజన్ అలవాటు. అంటే తంబాకు కలిసిన నల్లటి పళ్లపొడి. పెళ్లై వచ్చిన కొత్తలో పంటినొప్పితో ఏడుస్తుంటే పక్కింటి బాలమణక్క తన డబ్బాలోంచి కొంచెం తీసి ఇచ్చింది. నొప్పి పోయింది, అలవాటు మాత్రం ఉండిపోయింది. పొద్దున్నే ఆమె గొర్రెలు విప్పేముందు, నేను నల్లా నీళ్లు పట్టేముందు, గోడ దగ్గర నిలబడి ఇద్దరం ఒకే డబ్బాలో వేలు పెట్టేవాళ్లం.

ఇక చెప్పడానికి సిగ్గయ్యే సంగతి. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆరోగ్య ఫారం నింపడం నా పని. బీపీ, షుగరుతో పాటు తంబాకు అలవాటు ఉందా, నోట్లో మానని పుండు ఉందా, తెల్లమచ్చ ఉందా అని కూడా అందులో ఉంటుంది. నా ఫారం నేనే నింపుకున్నాను. అన్నిటికీ ‘లేదు’. తర్వాత బాలమణక్కది. డబ్బా ఆమె నడుముకు దోపుకునే ఉంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ‘లేదు’ అని రాసేసి తర్వాతి ఇంటికి పోయాను.

మంట మొదలయ్యాక నాలుగు నెలలు లవంగనూనెతో, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో నెట్టుకొచ్చాను. ఊరందరినీ సర్కారు దవాఖానకు పొమ్మని వెంటపడే మనిషిని నేను! తాండూరు దవాఖానలో పళ్ల డాక్టర్ ఉన్నారు. కానీ అక్కడికి కాన్పుల కోసం ఎంతమందినో తీసుకెళ్లాను. వాచ్‌మన్ నుంచి నర్సమ్మల దాకా అందరూ నన్ను ఎరుగుదురు. అందుకని యూనిఫాం చీర ఇంట్లో వదిలేసి, ప్యాసింజర్ బండెక్కి వికారాబాద్ పోయాను. ఓపీ చిట్టీ రాయించుకుని పళ్ల గది ముందు లైన్లో కూర్చున్నాను.

డాక్టరమ్మ బుగ్గ లాగి టార్చి వేసి చూశారు. లోపలున్న తెల్లమచ్చను దూదితో తుడిచారు. మచ్చ పోలేదు.

“తంబాకు తింటవా?”

“లేదు మేడం.”

“మంజన్ పెడ్తవా?”

తల దించుకున్నాను.

“ఏం పని జేస్తవమ్మా?”

“కూలికి పోత.”

ఆవిడ నమ్మారు. చదువురాని మనిషికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. “జూడమ్మా, దీన్ని ల్యూకోప్లేకియా అంటరు. అందరికీ క్యాన్సర్ గాదు, కొందరికైతది. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలె. మీ ఊర్ల ఆశమ్మ ఉంటది గదా, ఆమె నీ నోరు జూడలేదా?”

“జూడలే మేడం.”

“ఫారం రాసేటప్పుడన్న అడగాలె గదా! ఏ ఊరు మీది? ఆమె పేరు జెప్పు, నేను ఫోన్ జేసి అడుగుత.”

చిట్టీ మీద పెన్ను పెట్టి నా వైపు చూశారు. ఇంకో ఆశ పేరు చెబితే ఆమెకు ఫోన్ పోతుంది. చివరికి, “ఆ ఆశను నేనే మేడం” అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. చిట్టీ పక్కన పెట్టి అడిగారు. “మంజన్ ఎవరు నేర్పిన్రు?” చెప్పాను. “మరి ఆమె నోరు ఎవరన్న జూసిన్రా?” “లేదు మేడం” అన్నాను. “బయాప్సీకి వచ్చేటప్పుడు ఆమెను గూడ తీస్కరా. ఒక్కదానివే రాకు” అన్నారు.

రెండు రోజులు బాలమణక్క ముఖం చూడలేకపోయాను. మూడో రోజు వెళ్లి నోరు చూపించమన్నాను. కొంతకాలంగా ఆమె కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతుండడం నేను చూస్తూనే ఉన్నాను. కొంగు తీసి కింది పెదవి మడిచింది. లోపల రూపాయి బిళ్లంత పుండు.

“ఎన్ని దినాలాయె అక్కా?”

“పోయినేడు కందులు కోసినప్పటి సంది.”

“నాకు జెప్పకపోతివి?”

“నీకు దెల్వదా అనుకున్న.”

ఇద్దరికీ ఒకే రోజు బయాప్సీ చేశారు. నాది మైల్డ్ డిస్‌ప్లేసియా అని వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాలేదు, మంజన్ మానేసి మూడు నెలలకోసారి చూపించుకోవాలన్నారు. ఆమెది క్యాన్సర్. హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చారు. సర్జరీలో కింది పెదవి, దవడలో కొంత ముక్క తీసేశారు. ఆ తర్వాత రేడియేషన్.

తోడుగా నేనే ఉన్నాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒకరోజు అక్కకు ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబులో గంజి పోసి, బాత్రూంలోకి పోయి తలుపేసుకుని మంజన్ పెట్టుకున్నాను. మానేసి మూడు వారాలైంది అప్పటికి. కడుక్కుని బయటికొస్తే అక్క నన్నే చూస్తోంది. వాసన పట్టేసింది. ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకెప్పుడూ పడలేదు. డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాను. పడుకున్న చోటు నుంచే ఆమె దాన్ని చెత్తబుట్టలోకి విసిరింది. మళ్లీ ముట్టలేదు.

ఇప్పుడు అక్క మెత్తగా పిసికిన అన్నం తింటుంది. మాట ముద్దగా వస్తుంది, నాకు మాత్రం అర్థమవుతుంది. ఒకరోజు కాళ్లు పట్టుకుని, ఆనాడు నేను అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని ఏడ్చాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. “ఎట్లడుగుతవ్ చెల్లె? నీ వేలు గూడ నా డబ్బల్నే ఉండె” అంది.

ఈసారి ఫారాలు నింపేటప్పుడు నాదే మొదట రాశాను. తంబాకు దగ్గర ‘ఉండేది’, మచ్చ దగ్గర ‘ఉంది’. ఇంటింటికీ పోయి, ముందు నా సంగతి చెప్పి తర్వాత అడుగుతున్నాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే డబ్బాలు బయటపెడుతున్నారు.

నేను చెప్పేది ఒక్కటే. నోట్లో పుండు గానీ మచ్చ గానీ రెండు వారాలకు మానకపోతే, ఆధార్ పట్టుకుని పొద్దున్నే సర్కారు దవాఖానకు పోయి పళ్ల డాక్టరుకని ఓపీ చిట్టీ రాయించుకోండి. మీ ఊరి ఆశ నోరు చూపమని అడగకపోతే మీరే తెరిచి చూపించండి. ఆమె ముఖం తిప్పుకుంటే, ఆమెను కూడా వెంటబెట్టుకుని పోండి.