గుమ్‌సున్ గిటారుకు కొత్త మెడ

కొరియాలోని ఇంచన్ బజారులో ఎండు మెత్తళ్ళు అమ్మే ప్యో గుమ్‌సున్‌కు యాభై దాటాక ఎలక్ట్రిక్ గిటార్ పిచ్చి పట్టుకుంది. పక్క కొట్ల ఆడవాళ్ళతో కలిసి ఒక బ్యాండు కూడా కట్టింది. భర్త మా దల్సు టాక్సీ నడపడం మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. సంగీతం తెలియకపోయినా భార్య వస్తువంటే మహా శ్రద్ధ. కొయ్యకు చలి పడదని ఎవరో అంటే విని, ఆమె కొట్లో ఉండగా గిటారును అడుగునుంచి వేడి పెట్టే ఇంటి నేల మీద పడుకోబెట్టి బొంత కప్పేవాడు. ఆ వేడికి చలికాలం గడిచేలోపే, తీగలు నొక్కి పట్టే దాని మెడ మెలి తిరిగింది.

వంగితే సరిచేయొచ్చు గాని, మెలి పడితే మార్చడమే దారి అన్నాడు, ఇద్దరూ గిటారు తీసుకెళ్ళి చూపిస్తే, సియోల్‌లో గిటార్లు బాగుచేసే ఓక్. పాత మెడ విప్పి, గిటారు గాడిలో బిగువుగా కూర్చునే మెడలు కొన్ని బల్ల మీద పరిచాడు. దల్సు చెయ్యి వెంటనే మెరిసేదాని మీద పడింది.

"ఇది చూడవే, ముఖం కనబడుతోంది."

"ముఖం చూసుకోడానికి ఇంట్లో అద్దం ఉందండీ."

గుమ్‌సున్ అరచెయ్యి చిన్నది కాబట్టి సన్నటిదే హాయిగా ఉంటుందని ఓక్ ఒకటి బిగించి ఇచ్చాడు. కాసేపు వాయించేసరికి ఆమె బొటనవేలు కొంకర్లు పోయింది. అప్పుడు ఎవరూ ముట్టని లావుపాటి మెడను తానే చూపించి బిగించమంది.

"గిటారుకు రోకలి తగిలిస్తావా?" అన్నాడు దల్సు.

"బొంతలు కప్పే మొగుడున్నప్పుడు రోకలి చేతిలో ఉండటమే మంచిది."

కళ్ళు మూసుకుని వాయించింది. అరచెయ్యి నిండుగా ఆనింది, వేలు నొప్పెట్టలేదు. ఓక్ ఇంకోటి చూడమన్నా వినకుండా దాన్నే ఖాయం చేసుకుంది.

తిరుగు రైల్లో దల్సు గిటారు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక, "బాగా కోపమొచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది. కానీ పాతది నా చేతికి సరిపడేదే కాదు. వేలి నొప్పి వయసు వల్లననుకుని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నా. మీ తప్పు తేలికైపోతుందని ఇది మీకు చెప్పకూడదనే అనుకున్నా."

ఆ రోజు నుంచి దల్సు గిటారును బొంత కింద కాక పెట్టెలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టాడు.

ఆ వసంతంలో బజారు వాళ్ళ విందులో బ్యాండు పాడింది. బ్యాండులో పాడే ముల్లంగి పచ్చళ్ళ కొట్టు ఆవిడ గొంతు బొంగురుపోయి, ఇక చాలని సైగ చేసి కుర్చీలో కూలబడింది. గుమ్‌సున్ చూడలేదు. వేలు నొప్పెట్టని హుషారులో ఆమె గిటారు మీద ఇంకో పాట ఎత్తుకుంది.