బాత్రూములో బాటనీ లెక్చరర్

వెంకటాచలంలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పరంజ్యోతి ఇరవై ఏడేళ్లుగా బాటనీ చెబుతున్నాడు. ఆకు లోపల ఏం జరుగుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం మొదలుపెడితే వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తి వింటారు. కానీ ఇన్నేళ్లలో అతని చేత్తో నాటిన మొక్క ఒక్కటైనా రెండో వానాకాలం చూసిన పాపాన పోలేదు. గులాబీ పోయింది, మల్లె పోయింది, ఎవరింట్లోనైనా వద్దన్నా పెరిగే కరివేపాకు కూడా అతని పెరట్లో నిలువునా ఎండిపోయింది. ఈ సంగతి అతనికీ భార్య ఏంజెలిన్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. పిల్లలకు ఈత గురించి పాఠం చెప్పి, తాను మాత్రం గట్టు మీద చెప్పులు పట్టుకుని నిలబడే బాపతు మనిషినని అతనే అప్పుడప్పుడు అనుకుని నవ్వుకునేవాడు.

ముత్తుకూరు రోడ్డులో కొత్తిల్లు కట్టుకున్న రెండో ఏడు అతనికి ఒక కోరిక పుట్టింది. ఫోనులో ఎవరిదో బాత్రూము ఫొటో చూశాడు. అద్దం చుట్టూ ఆకులు, గోడ మీద తీగలు, మూలన పచ్చటి గుబురు. స్నానాల గదా, చిన్న అడవా అన్నట్టుంది. తన బాత్రూములో మాత్రం తెల్ల టైల్సు, గీజరు, పైన చిన్న వెంటిలేటరు, ఒక నీలం బకెట్టు.

"మన బాత్రూములో మొక్కలు పెడదాం" అన్నాడు భార్యతో.

ఏంజెలిన్ పల్లె ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ప్రాణం మీదికొచ్చిన కేసుల్ని రోజూ చూసే మనిషి కాబట్టి కంగారు పడలేదు. "పెరట్లో చచ్చేవి చాలక ఇంట్లోకి కూడా తెస్తారా?" అని మాత్రం అంది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అతను మనుబోలు దగ్గర హైవే పక్కనున్న నర్సరీకి పోయాడు. నర్సరీ నడిపే పోలేరయ్య మోకాళ్ల దాకా లుంగీ మడిచి ట్యూబుతో నీళ్లు పడుతున్నాడు.

"బాత్రూములో పెట్టే మొక్కలు కావాలి."

"వెలుగు ఏ పక్కనుంచి పడతాది సార్? నీళ్లు ఏం నీళ్లు?"

"నేను బాటనీ లెక్చరర్ని" అన్నాడు పరంజ్యోతి.

అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని అతనికి ఆ క్షణంలో తోచలేదు. పోలేరయ్యకు తోచినట్టుంది, ఇంకేమీ అడగలేదు. పరంజ్యోతి వరసల మధ్య నడుస్తూ ఒక్కోదాన్నీ లాటిన్ పేరుతో పలకరించాడు.

"ఆ పేరుతో పిలిస్తే పలకతాదా సార్?" అన్నాడు పోలేరయ్య, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

రంగులు బాగున్నాయని ఒక క్రోటన్, ముచ్చటగా ఉందని గుండ్రటి కాక్టస్, క్లాసులో బొమ్మ గీస్తాడు కాబట్టి ఒక ఫెర్న్, ఆకు అడుగు ఊదారంగులో ఉండే రియో మొక్క. ఇలా ఏరుకున్నాడు. ఆకు పైపొరను మైక్రోస్కోపు కింద పెట్టి చూపించడానికి ఏటా ప్రాక్టికల్స్‌లో వాడేది ఆ రియోనే. నాలుగూ తెచ్చి వెంటిలేటరు కింద అరలో వరసగా పెట్టాడు. ఫొటో తీసి లెక్చరర్ల గ్రూపులో కూడా వేశాడు. అక్కడితో ఆగి ఉంటే పరువు దక్కేది.

మొదట కాక్టస్ పోయింది. ఎడారి మొక్కను గీజరు ఆవిరి పక్కన పెట్టిన మేధావి ప్రపంచంలో తానొక్కడేనేమోనని, ఉడికిన వంకాయలా మెత్తబడ్డ దాన్ని కాగితంలో చుట్టి పారేస్తూ అనుకున్నాడు. తర్వాత క్రోటన్ రంగులన్నీ పోగొట్టుకుని రోజుకో ఆకు రాల్చడం మొదలుపెట్టింది. ఎండ కావలసిన మొక్క అది, చీకటి మూలలో ఏం చేస్తుంది? చిత్రంగా, తడిని ఇష్టపడే ఫెర్న్ కూడా ఆకుల అంచులు మాడ్చుకుంది. రియో మెడలు వాల్చేసింది. పరంజ్యోతికి తెలిసిన వైద్యం ఒక్కటే, ఇంకో మగ్గు నీళ్లు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పోశాడు.

"జబ్బేందో చూడకుండా సెలైన్ ఎక్కిస్తా ఉండారే" అంది ఏంజెలిన్ పళ్లు తోముకుంటూ.

"నువ్వు మనుషుల సంగతి చూడు."

అంతలో గృహ ప్రార్థన వాళ్లింటి వంతు వచ్చింది. సంఘం వాళ్లు ముప్పై మంది వస్తారు. అందరూ కాళ్లు చేతులు కడుక్కోవడానికి ఆ బాత్రూముకే పోతారు. బాటనీ సారు ఇంట్లో మాడిపోయిన మొక్కలా? ముందురోజు నెల్లూరు పోయి, ఫ్యాన్సీ షాపులో ఒక ప్లాస్టిక్ మనీప్లాంటు కొన్నాడు. దాన్ని ముందు పెట్టి మిగతావాటిని వెనక్కి నెట్టాడు. ఏంజెలిన్ చూసి, "రేపు దేవుని వాక్యం చెప్పేది మన ఇంట్లోనే గదా" అని గుర్తు చేసి వెళ్లిపోయింది.

ప్రార్థన కూటం బాగానే జరిగింది. అందరూ మొక్కను మెచ్చుకున్నారు. పాటలు అయ్యాక రెబెక్కమ్మ వచ్చి అతని పక్కన కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. మిషను ఆసుపత్రి తోటలో ముప్పై ఏళ్లు నీళ్లు పోసి పాదులు తీసిన చేతులు ఆమెవి.

"నాయనా, లోపల మనీప్లాంటు బో బాగుండాది. ఒక్క కొమ్మ ఇయ్యి, నాటుకుంటా."

పరంజ్యోతి గొంతులో పకోడీ అడ్డం పడింది. "ఇప్పుడు కొయ్యకూడదమ్మా. అది నిద్రావస్థలో ఉంది" అన్నాడు. శాస్త్రం చదివినందుకు అబద్ధం కూడా శాస్త్రీయంగా వచ్చింది.

"అట్నా. ఎప్పుడు లేస్తాది?"

"ఒక వారం పట్టొచ్చు."

"అయితే శనివారం వస్తా."

ఆ వారమంతా అతనికి పాఠం సరిగ్గా సాగలేదు. నిజం మనీప్లాంటు కొని ఆ స్థానంలో పెడదామా అని కూడా ఆలోచించాడు. యాభై నాలుగేళ్ల మనిషి ఒక ముసలామెకు భయపడి మొక్కల్ని మార్చడమేమిటని తన మీద తనకే జాలేసి మానుకున్నాడు. శనివారం సాయంత్రం రెబెక్కమ్మ మట్టి నింపిన పాత పాలడబ్బా పట్టుకుని రానే వచ్చింది. అతను ఆమెను బాత్రూము గుమ్మం దాకా తీసుకుపోయి, "అమ్మా, అది ప్లాస్టిక్‌ది" అన్నాడు.

"తెలుసు నాయనా. ఆ రోజే ఆకు పట్టుకుని చూసినా."

"తెలిసి కొమ్మ అడిగినారా?"

"నువ్వు చెప్తావేమోనని అడిగినా. నువ్వేమో దాన్ని నిద్రపుచ్చినావు."

వంటింట్లోంచి ఏంజెలిన్ నవ్వు వినపడింది. పరంజ్యోతికీ నవ్వాగలేదు. రెబెక్కమ్మ ప్లాస్టిక్ మొక్కను పక్కన పెట్టి, వెనకున్న రియో కుండీని వెలుతురులోకి లాగింది. మట్టి మీద తెల్లగా పెచ్చు కట్టి ఉంది. దాన్ని వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు. బోరు నీళ్లు పోస్తా ఉండావా?"

ఆ పక్క బోర్లన్నీ ఉప్పే. సబ్బు నురగ రాదు, కుళాయిలకు తెల్లగా పూత పడుతుంది. తాగడానికి క్యాను నీళ్లు తెచ్చుకుంటారు. ఇవన్నీ పరంజ్యోతికి తెలుసు. ఆ క్షణం దాకా తోచనిది ఒక్కటే. ఏటా ప్రాక్టికల్స్‌లో అతను రియో ఆకు పొరను ఉప్పునీళ్లలో వేసి, కణం లోపలి నీరు బయటికి పోయి కణం ఎలా ముడుచుకుపోతుందో పిల్లలకు చూపిస్తాడు. బొమ్మ సరిగ్గా గీయకపోతే మార్కులు కూడా కోస్తాడు. అదే ప్రయోగాన్ని మూడు నెలలుగా తన బాత్రూములో పూటకో మగ్గు చొప్పున చేస్తున్నాడు. చూడటానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేనంత స్పష్టంగా ఫలితం వచ్చింది.

"ఏమయ్యా, అట్ట నిలబడిపోయినావు?" అంది రెబెక్కమ్మ.

"ఏం లేదమ్మా. నా రికార్డు నేనే దిద్దుకుంటున్నా."

ఆమె గోడకానుకుని కూర్చుని ఒక్కోటీ చెప్పింది. క్రోటన్‌ను ఎండలోకి పంపించెయ్యి, అది లోపల బతకదు. ఫెర్న్ ఉండొచ్చు, గీజరుకు దూరంగా పెట్టు. తీగ మనీప్లాంటుకు వెంటిలేటరు వెలుగు చాలు. నీళ్లు పోసేముందు వేలు గుచ్చి చూడు, తడి తగిలితే పొయ్యొద్దు, స్నానాల గదిలో తడి తొందరగా ఆరదు. ఏ మొక్కయినా ఒక వారం గదిలో ఉంటే ఇంకో వారం వరండాలో ఉండాల. వాన నీళ్లు పట్టుకో, వాన లేనప్పుడు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పొయ్యి. పరంజ్యోతి జేబులోంచి పెన్ను తీసి కరెంటు బిల్లు వెనక రాసుకున్నాడు. ఇరవై ఏడేళ్ల తర్వాత అతను మళ్లీ నోట్సు రాసుకున్నది అప్పుడే.

మర్నాడు కుండీల్లో మట్టి మార్చాడు. ఏసీ పైపు కింద బకెట్టు పెట్టాడు. రియో పదిహేను రోజులు వరండాలో ఉండి తలెత్తింది. ఫెర్న్ మాడిన ఆకులు కత్తిరించాక కింద నుంచి కొత్తవి చుట్టలు చుట్టుకుని లేచాయి. క్రోటన్ మాత్రం దక్కలేదు. ఎండలో పెట్టేసరికే ఆలస్యమైపోయింది. రెబెక్కమ్మే తనింటి నుంచి మనీప్లాంటు కొమ్మ తెచ్చి నాటింది.

మట్టి మార్చిన మర్నాడే, సోమవారం క్లాసులో అతను ఈ కథంతా పిల్లలకు చెప్పాడు. కాక్టస్ దగ్గర మొదలుపెట్టి, నిద్రావస్థ దగ్గర కాసేపు ఆపి, ఉప్పు దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. క్లాసు విరగబడి నవ్వింది. ముందు బెంచీలో కూర్చునే షారన్ లేచి, "సార్, ఇది పరీక్షలో వస్తుందా?" అని అడిగింది. ఆ ఏడు పరీక్షలో ఉప్పునీళ్ల ప్రశ్న రానే వచ్చింది, దానికి సరైన జవాబు రాయనివాళ్లు ఆ క్లాసులో ఎవరూ లేరు.

ఇప్పుడు మనీప్లాంటు వెంటిలేటరు దాకా పాకింది. పొద్దున్నే పరంజ్యోతి బ్రష్షు నోట్లో పెట్టుకుని దాని ముందు నిలబడతాడు. నిన్నటి ఆకు ఎంత విచ్చుకుందో చూస్తూ ఉంటే ఎంతసేపైందో తెలియదు. తలుపు మీద చప్పుడవుతుంది.

"ఏమండీ, నాకు డ్యూటీకి టైమవుతా ఉండాది. బయటికి వస్తారా, లేదా?"

"ఇంకో కొత్త ఆకు వస్తోంది ఏంజెలిన్."

"దాన్ని నిదానంగా రమ్మనండి. మీరు మాత్రం బిరీన రండి."